కందిరీగ నాలుగో గది

దయ్యాలంటే నాకు భయం లేదు, ఒళ్ళుమంట. హైస్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పరీక్షలకి తాయెత్తు కట్టుకొచ్చిన పిల్లల్ని నిలబెట్టి మరీ చివాట్లు పెట్టేదాన్ని. అలాంటి నాకే ఇది జరిగింది. నమ్మకపోతే మానండి, నాకొచ్చే నష్టం లేదు.

రెండువేల ఎనిమిది ప్రాంతం. కడియం నర్సరీల మధ్య ఓ డాబా ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. మా ఆయనకు రాజమండ్రిలో ఫొటో స్టూడియో. పెళ్ళిళ్ళ సీజను అయిపోతే ఆయనకు పురుగుల పిచ్చి పట్టేది. మొక్కల మీద దొరికినదాన్నల్లా సీసాలో పట్టి, ఫ్రిజ్‌లో గడ్డకట్టించి చంపి, సూదికి గుచ్చి ఫొటోలు తీసేవారు. పాల ప్యాకెట్టు పక్కన పేడపురుగు! ఎంత తిట్టినా దులిపేసుకునేవారు.

పురుగుని అంత దగ్గరగా తీస్తే ఒక ఫొటోలో మీసం కొస ఒక్కటే స్పష్టంగా వస్తుందట, మిగతాదంతా మసక. అందుకని కెమెరాను వెంట్రుకవాసి చొప్పున జరుపుతూ వందకు పైగా ఫొటోలు తీసేవారు. ఒక్కోదాంట్లో స్పష్టంగా ఉన్న ముక్కను మాత్రం తీసుకుని కంప్యూటరు అన్నిటినీ ఒకే బొమ్మగా పేర్చేది. అంటే విడి ఫొటోల్లో లేనిది చివరి బొమ్మలోకి రావడానికి వీల్లేదు.

అప్పుడు నాకు నాలుగో నెల. అంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారైనా బిడ్డ దక్కాలని తప్ప నాకు వేరే ఆలోచనే లేదు.

ఆ రోజుల్లోనే మా పడకగది గోడకు ఒక కందిరీగ మట్టిగూడు కట్టడం మొదలుపెట్టింది. ఒక్కో గదిలో గుడ్డు పెట్టి, పుట్టబోయే పిల్లకు తిండిగా ఆకుపురుగుల్ని కుక్కి, మట్టితో మూతవేస్తుంది. కడుపుతో ఉన్న ఇంట్లో ఆ గూడు శుభమని మా అత్తగారి సంబరం. నేను నవ్వి ఊరుకున్నాను. మూడు గదులు మూసి నాలుగోది నింపుతుండగా మా ఆయన దాన్ని సీసాలో పట్టేశారు.

ఫ్రిజ్ తీసి చూసిన అత్తగారు శివాలెత్తిపోయారు.

"నీ చేతులు విరిగిపోనూ! కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో తిరుగుతుంటే దాన్ని చంపుతావురా?"

"పురుగే కదమ్మా. దానికీ బిడ్డకీ ఏంటి సంబంధం?"

ఆ మాటలో నేనూ ఆయన పక్షమే. ఆ సాయంత్రమే నాకు రక్తం కనిపించింది.

డాక్టరుగారు మంచం దిగొద్దన్నారు. ఆశ పెట్టుకోవద్దని మా ఆయన్ని పక్కకు పిలిచి చెప్పారు. నాకు వినబడనే వినబడింది. మర్నాడు పొద్దుటినుంచీ గోడవైపు తిరిగి, మూతపడని ఆ నాలుగో గదిని చూస్తూ ఏడుస్తున్నాను. ఈ మహానుభావుడేమో అదే గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఆ కందిరీగ ఫొటోలే పేర్పిస్తున్నారు! ఏంటండీ ఇది అంటే, "ఎలాగూ చచ్చింది కదే" అన్నారు. మంచినీళ్ళ గ్లాసు విసిరేశాను. తగల్లేదు. ఆ విచారం నాకిప్పటికీ ఉంది.

మధ్యాహ్నానికి బొమ్మ తయారైంది. ఆయన కుర్చీలోంచి లేచి తెరను నావైపు తిప్పారు.

తెరంతా కందిరీగ మొహం. దవడల మధ్య మట్టి ముద్ద, ఇంకా తడి మెరుస్తోంది. ఆ మొహంలో జాలి లేదు, ఉన్నదంతా పగే. పగవాళ్ళు కూడా నన్నెప్పుడూ అలా చూడలేదు.

ఆయన విడి ఫొటోలన్నీ ఒక్కొక్కటిగా తెరిచారు. అన్నిట్లోనూ దవడలు ఖాళీ. సూదికి గుచ్చిన కందిరీగ బల్లమీదే ఉంది, నోట్లో ఏమీ లేదు. మళ్ళీ పేర్పించారు. మళ్ళీ మట్టి ముద్ద.

నేను గోడవైపు తిరిగాను. నాలుగో గది మూసి ఉంది. వేలు పెడితే తడి మట్టి అంటుకుంది.

వేరే కందిరీగ వచ్చి మూసుంటుందన్నారు మా ఆయన. పొద్దుటినుంచి కిటికీ తీయనే లేదు.

దీపాలు పెట్టే వేళకి రక్తం ఆగిపోయింది. నెలలు నిండాక అమ్మాయి పుట్టింది. కందిరీగ తల్లి చల్లగా చూసిందని అత్తగారు చెంపలేసుకున్నారు. ఆ మొహం చూసుంటే అలా అనేవారు కాదు.

తర్వాత మూడు గదులకూ కన్నాలు పడ్డాయి, పిల్ల కందిరీగలు ఎగిరిపోయాయి. నాలుగోది మాత్రం మూసినట్టే ఉంది. ఇల్లు మారదామంటే ఒప్పుకోక, ఆ ఇల్లే కొనిపించాను. రంగులు వేసేవాళ్ళను ఆ గోడ దరిదాపులకు రానివ్వను.

"సూదిమొనంత కన్నం పెట్టి లోపలేముందో చూద్దామే" అని మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటారు.

"ముట్టుకోండి, మీ కెమెరా కాలవలో ఉంటుంది" అంటాను. వేళాకోళం కాదని ఆయనకు తెలుసు.

ఆ మట్టి ఎక్కడిదో, గది ఎవరు మూశారో, లోపల ఏముందో నాకు తెలియదు. తెలుసుకోవాలంటే పగలగొట్టాలి. పక్కగదిలో నా కూతురు చదువుకుంటోంది. నేను పగలగొట్టనివ్వను.