వ్యాన్‌కి తూకం వేయించిన రోజు

నేను కాలు కాలిన పిల్లిలా తిరిగే మనిషిని. రెండు రోజులు వరసగా ఇంట్లో ఉంటే మా ఆవిడ "ఒంట్లో బాగానే ఉందా?" అని అడుగుతుంది. అలాంటివాణ్ణి, అమ్మకి తుంటి ఎముక విరిగాక ఏడాదిపాటు ఇంటికీ సీతమ్మధారలోని ఆసుపత్రికీ మధ్యే తిరిగాను. కూర్చుంటే ఆవిడకి నొప్పి, పడుకుంటే పర్వాలేదు. అరకు చూడాలని ఉందని ఒకసారి నోరు జారింది. అంతే! పాత వ్యాన్ కొని, వెనక మంచం బిగించి, పొయ్యి, నీళ్ల ట్యాంకు పెట్టించేశాను.

బయల్దేరే రోజు మాతో రావడానికి వచ్చిన మా ఆవిడ అన్నయ్య బండి చుట్టూ తిరిగి, "బరువెక్కువయిపోనాదేమో బావా" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. ఇరవై ఏళ్లు పోర్టులో లారీలకి తూకం వేయించినవాడికా బరువు సంగతి చెప్పడం? సరే, నీ ముచ్చట ఎందుకు కాదనాలని ఆనందపురం దగ్గర లారీల కాటాకి తీసుకెళ్లాను. మా పోర్టులో లారీ కాటా ఎక్కితే మనుషులు దిగిపోవాలి, తూచేది సరుకునే.

"దిగండి, బేగి దిగండి!" అని అందర్నీ తరిమాను. అమ్మని కూడా కుర్చీలో కూర్చోబెట్టి దింపించాను. చివరికి నేనూ దిగాను.

చీటీ వచ్చింది. బండి మోయగలిగిన దానికి ఇంకా రెండు వందల కిలోలు తక్కువ. "చూశావా బావా?" అని చీటీ అతని ముక్కు ముందు ఆడించాను. ఆ ఖాళీ మాత్రం ఎందుకు వదలాలని బియ్యం బస్తా, నీళ్ల డబ్బాలు, అరటిగెల కూడా ఎక్కించాను.

ఘాట్‌రోడ్డు ఎక్కేంతసేపూ ఇంజను మూలిగింది. దిగుడు మొదలయ్యాక కాలిన వాసన. బ్రేకు తొక్కితే పెడలు కిందదాకా పోయింది. గేరు తగ్గించి, కొండవైపు మట్టికట్టకి బండిని రాసుకుంటూ ఎలాగో ఆపాను. బావ దూకి చక్రాల కింద రాళ్లు పెట్టాడు.

"కాటా కాడ మనమందరం దిగిపోనాం కదా బావా. మన బరువెవుడు తూసినాడు?"

నేనూ, మా ఆవిడా, అమ్మా, బావా, నలుగురు మనుషులం! ఇరవై ఏళ్ల అనుభవం ఏ గంగలో కలిసింది? కళ్లు ఎత్తలేక, బస్తా లాగి కింద పడేస్తున్నాను. మంచం మీంచి అమ్మ పిలిచింది.

"అవన్నీ దించుతావేటిరా నాయినా? బరువు నాను కదా. నన్ను దించీసి మీరెల్లి సూసి రండి. నాను ఇక్కడే తొంగుంటాను."

ఏడాదిగా ఆవిడ మనసులో నలుగుతున్నది అదేనని అప్పుడు తెలిసింది. "నోర్మూసుకో అమ్మా!" అని అరిచాను. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ట్యాంకు నీళ్లన్నీ వదిలేశాను. సామానంతా పక్కనున్న కాఫీ కొట్టులో బావ పెట్టించాడు. అరకు నుంచి మెకానిక్ వచ్చి బ్రేకులు సరిచేశాక, మా ఆవిడా, బావా అరకు బస్సెక్కారు. నేను అమ్మని ఒక్కదాన్నే తీసుకుని, చిన్న గేరులో కొండ దిగాను.

ప్రతి మలుపులోనూ "అమ్మా, ఉన్నావా?" అని అడిగాను.

"ఉన్నానురా, ముందుకి సూసి నడుపు" అంటూనే ఉంది.