లింగవ్వ తెచ్చిన చేదు

శాంతవ్వ పోయిన పదకొండో నాడు, ఆమె భర్త మార్కండేయ ముందు అతని అక్క లింగవ్వ ఒక స్టీలు గ్లాసు పెట్టింది. అందులో రెండు వేళ్ల మందాన మద్యం ఉంది. కామారెడ్డి వైపు ఇండ్లలో దీనిని చేదు తాగించడమంటారు. దుఃఖంలో ఉన్నవానికి దగ్గరి చుట్టాలు ఆ నాలుగు చుక్కలు అందిస్తేనే అతడు మళ్లీ నలుగురిలో కలిసినట్టు. ఆచారం ఎప్పుడు మొదలైందో చెప్పగలవారు లేరు. కాదనే ధైర్యమున్నవారూ అరుదే.

మార్కండేయ మద్యం మాని ఏడు నెలలైంది. అంతకుముందు ఇరవై ఏండ్లు బియ్యం మిల్లులో బస్తాలు మోశాడు. ఒళ్లునొప్పుల పేరుతో మొదలైన క్వార్టరు, చివరకు తెల్లవారి చేతుల వణుకు ఆగడానికి కావలసి వచ్చింది. ఆసుపత్రికి నడిపించినది శాంతవ్వే. ఒక్కసారిగా మానితే ప్రాణానికే ప్రమాదమని, డాక్టరు పది రోజులు దగ్గరుంచుకొని మందులిచ్చి మాన్పించాడు. "కొలతగా తాగి ఆగగలిగేవాళ్లున్నారు. నువ్వు వాళ్లలో లేవు" అన్నాడు. నిజమే; లింగవ్వ భర్త రామస్వామి ప్రతి పెండ్లిలోనూ ఒక్క గ్లాసు తాగి, దానిని బోర్లించి, మరునాడు పొద్దున్నే పొలానికి పోతాడు. అదెలా సాధ్యమో మార్కండేయకు ఏనాడూ బోధపడలేదు. మనిషికీ మనిషికీ ఇంత తేడా ఎందుకో పెద్ద చదువులు చదివినవారికైనా పూర్తిగా తెలుసునా అన్నది సందేహమే.

"పట్టు తమ్మీ. గిది తాగుడు గాదు, శాంతవ్వ కోసం" అంది లింగవ్వ.

"నాతోని గాదక్కా."

"ఆమె సీసలు దాస్తే ఎతికి ఎతికి తాగినోడు, ఇయ్యాల ముంగట పెడితే ఒద్దంటుండు!" అని రామస్వామి నవ్వాడు. తోడుగా ఎవరూ నవ్వకపోయేసరికి తల దించుకున్నాడు.

తాగితే మళ్లీ ముట్టనని శాంతవ్వకిచ్చిన మాట పోతుంది. తాగకుంటే శాంతవ్వకు చేయవలసినది మిగిలిపోతుంది. రెండు వైపులా ఆమే నిలబడి ఉంది. మార్కండేయ ఫోను తీశాడు. ఎల్లారెడ్డిలో ఆదివారాలు తాగుడు మానినవాళ్లు కూడే గదిలో పరిచయమైన డ్రైవరు అబ్రాహాముకు సంగతి చెప్పాడు.

"ఏం జెయ్యాల్నే అన్నా?"

"నాకు గూడ తెల్వదు. ముట్టకు. బస్సెక్కుతున్న."

ఆ దారిన చెయ్యెత్తిన ప్రతివారి కోసమూ బస్సు ఆగుతుంది. గంటన్నర సేపు గ్లాసు అక్కడే ఉంది, చుట్టాలూ కదలలేదు. అబ్రాహాము వచ్చి పక్కన కూర్చోగానే లింగవ్వ మర్యాదకొద్దీ అతనికీ పోయబోయింది.

"నేను మాని తొమ్మిదేండ్లాయె అవ్వా."

"ఏం మొగోళ్లయ్యా మీరు!" అంటూ ఆమె ఏడ్చింది. తమ్ముణ్ణి నలుగురికీ వెలిగా ఉంచలేకపోయింది, మళ్లీ ఆసుపత్రి పాలూ చేయలేకపోయింది. చివరకు గ్లాసులో వేలు ముంచి, అతని అరచేతిలో ఒక్క చుక్క రాసింది. భర్త వైపు తిరిగి, "అయినట్టేనా?" అని అడిగింది.

"నాకేమెరుక?"

అరచేతి వాసన ముక్కుకు తగలగానే మార్కండేయ ఆ చేతిని ఒంటికి దూరంగా చాచాడు. ఇది తాగినట్టా, తాగనట్టా? చేదు తీరినట్టా, తీరనట్టా? అబ్రాహాము అతణ్ణి లేపి నల్లా దగ్గరికి తీసుకుపోయాడు. "ముందుగాల్ల సబ్బు పెట్టి కడుగు. సోంచాయించుడు తర్వాత."

అతడు కడుక్కుంటున్నంతసేపూ లింగవ్వ గడప పట్టుకొని చూసింది. కడగవద్దని మాత్రం అనలేదు.