గ్యారులస్ అంటే

మాది బోధన్. డిగ్రీ అయ్యాక బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం రోజూ బస్సులో నిజామాబాద్ వెళ్లేదాన్ని. ఇంగ్లీషు సారు రోజుకు పది కొత్త మాటలు ఇచ్చేవాడు. పరీక్షకే కాదు, ఇంట్లో కూడా వాడితేనే అవి మనసులో నిలుస్తాయనేవాడు.

ఇంట్లో నాకున్నది అక్క. ఏడో తరగతిలో బడి మానేసి బీడీలు చుడుతోంది. ఆమె కోసం ఇంగ్లీషు మాటల్ని తెలుగు అక్షరాల్లో రాసి, పక్కన అర్థం పెట్టి, శనివారం ఇచ్చేదాన్ని. ఆదివారం పొద్దున ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూనే నన్ను ఒక్కొక్కటీ అడిగేది. కొన్ని నాకంటే ముందు ఆమెకే వచ్చేసేవి. కార్ఖానాలో ఆకు తక్కువ ఇచ్చిన రోజు "ఈసారి ఆకు స్కాంటీ ఇచ్చిండ్రే" అని ఆమె అంటే ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ఒక బుధవారం కోచింగ్‌లో నా పక్కన కూర్చునే అమ్మాయి నోట్సు కోసం మా ఇంటికి వచ్చింది. చిన్నప్పటి నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్ల. ఆమె వస్తోందని పొగాకు, చాటలు అన్నీ లోపలి గదిలో దాచేశాను. అక్కను దాచలేను కదా. టీ తెచ్చి అక్కడే కూర్చుంది.

"మా చెల్లె చిన్నప్పుడు ఇంగ్లీషు పరీక్ష అంటె చెరుకుతోటల దాక్కున్నది, ఎర్కేనా? మా బాపు ఊరంత లెంకిండు..."

ఆపేలా లేదు. "షీ ఈజ్ సో గ్యారులస్" అన్నాను, ఆమె వైపు చూడకుండా. ముందురోజే నేర్చుకున్న మాట. ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

"గదేందే, నన్నేమంటున్నవ్?" అక్క కూడా నవ్వుతూనే అడిగింది.

"మంచిగ మాట్లాడుతవ్ అంటున్న అక్కా."

మర్నాడు బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లి, అక్కడి ఆడవాళ్లందరికీ ఆ సంగతి చెప్పిందట. "మా చెల్లె నన్ను గ్యారులస్ అన్నదని చెప్పిన. ఏందది అన్నరు. మంచిగ మాట్లాడేటామె అన్న" అని సంబరంగా వచ్చి నాకు చెప్పింది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. తలూపి ఊరుకున్నాను.

శనివారం ఎప్పటిలాగే ఆ వారం మాటలన్నీ గబగబా రాసి ఇచ్చేశాను. ఏం రాస్తున్నానో చూసుకోలేదు. ఆదివారం అడుగుతూ అడుగుతూ ఒకచోట ఆమె కత్తెర ఆగింది.

"గ్యారులస్?" అంది.

నేను చాటలోని ఆకులు సర్దుతూ కూర్చున్నాను.

"చెప్పు. పరీక్షల అడిగితె గూడ గిట్లనే కూసుంటవా?"

"వదరుబోతు" అన్నాను.

"కరెక్ట్" అంది. తర్వాతి మాట అడిగింది. చివరిదాకా ఒక్కటీ వదల్లేదు. నేనేం చెప్పానో నాకే గుర్తులేదు.

కాగితం మడిచి ఇస్తుంటే "అక్కా, తప్పైంది" అన్నాను.

"నేను ఎక్కువనే మాట్లాడుత. గది అబద్ధం కాదు. నా మొఖం మీదనే అంటె నేను గూడ నవ్వేదాన్ని. నాకు తెల్వని మాట అని, గా పిల్లతోని నవ్వితివి."

"కార్ఖానకు నేనొచ్చి అందరికి చెప్త. తప్పు నాదే అని."

"వద్దు. వాండ్లు మరిచిపోయిండ్రు. మల్ల యాది చేసి నా ఇజ్జత్ తియ్యకు."

పరీక్ష పాసయ్యాను. అన్నిటికంటే ఇంగ్లీషులోనే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇంగ్లీషు ఎలా నేర్చుకున్నావని ఉద్యోగంలో చేరిన రోజే ఒకాయన అడిగాడు. అక్క పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె ఏం చదివిందని అడుగుతాడేమోనని, కోచింగ్ అని చెప్పాను.

ఇప్పుడు ఆఫీసు వాళ్లు ఇంటికొస్తే అక్క టీ ఇచ్చి లోపలికి వెళ్లిపోతుంది. "కూసో అక్కా" అంటే "పనుంది" అంటుంది. మొన్న నేను లోపలికి వెళ్లి చూశాను. మంచం మీద ఊరికే కూర్చుని ఉంది.