రెండు మొనల బాణం

ఆ రోజుల్లో ఫ్లెక్సీలు ఇంకా పుట్టలేదు. ప్రొద్దుటూరులో ఎవరికి అక్షరం కావాలన్నా మా ఉస్తాద్ కుంచె దగ్గరికి రావాల్సిందే. ఏడో తరగతిలో చదువు మానేసి (చదువే నన్ను మానేసిందని మా అమ్మ వాదన) ఆయన దగ్గర చేరిన నాకు గోడలు గీకడం, బస్సుల నుదుటి మీద రూటు బోర్డులు రాయడం వరకే అనుమతి. గోడ మీద అక్షరం రాయాలని మాత్రం చెయ్యి దురద. ఒకరోజు ఆయన పులివెందుల పనికి పోతా జమ్మలమడుగులో ఒక కాలేజీ ల్యాబు గోడ నాకు అప్పగించాడు. "సక్కగా వస్తే గోడ కుంచె నీది. తప్పొచ్చిందా, మళ్లా గీకుడే" అన్నాడు.

లెక్చరరు మేడం కాగితం ఇచ్చి పోయింది. మొదటి వరుసలో Pu, బాణం, U, కూడిక గుర్తు, He. రెండో వరుసలో U, బాణం, Th, మళ్లీ అదే He. అన్నిటికీ తల దగ్గరా కాళ్ల దగ్గరా అంకెలు. ఇది సైన్సని నాకు తెలుసు, నా చేతికి తెలీదు. దాని లెక్కలో Pu అంటే పులివెందుల, Th అంటే తొండూరు, అంకెలు బస్సు నంబర్లు. He అంటే 'అతడు' అని ఏడో తరగతి ఇంగ్లీషు. పాపం ఎవరో ప్రతి రూట్లోనూ మధ్యలో దిగిపోతున్నాడు. అయితే బాణానికి ఒక్క మొనే ఉంది. పోయిన బస్సు తిరిగి రావద్దా? మేడం మర్చిపోయిందనుకొని అన్ని బాణాలకూ వెనక పక్క కూడా మొన పెట్టాను, ఉదారంగా.

సాయంత్రం మేడం, ఉస్తాద్ ఇద్దరూ వచ్చి గోడ ముందర నిలబడ్డారు.

"ఏందప్పా ఈ రెండో మొన?" అంది మేడం.

"పోయినోళ్లు తిరిగి రావాల గదా మేడం!"

"రేయ్, కుంచె ఈడ పెట్టు" అన్నాడు ఉస్తాద్. పెట్టేశాను. మేడం మాత్రం కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, "He అంటే హీలియం. పోయిన ఆ ముక్క మళ్లా వచ్చి చేరదప్పా. U అంటే యురేనియం, అది Th, అంటే థోరియం, అయిందంటే ఇంక అంతే. ఏ పరమాణువు ఎప్పుడు మారతాదో ఎవురూ చెప్పలేరు. గంపెడు యురేనియం ఉంటే అందులో సగం మారేదానికి నాలుగు వందల యాభై కోట్ల ఏండ్లు" అంది.

నాకు తెలిసినవాటిలో అన్నిటికంటే పాతది గండికోట లోయ. "ఆ లోయ కంటే పాతదా మేడం?" అన్నాను.

"లోయ మొన్నటిది."

"యాడుంటాది ఈ యురేనియం?"

"మన పులివెందుల పక్కనే, నేల కింద."

(అంటే నా చెయ్యి మరీ తప్పు చదవలేదన్నమాట.) కాళ్ల కింది నేలను అనుమానంగా చూసుకున్నాను. ఎన్నిసార్లు తొక్కాను, ఒక్క మాటన్నా చెప్పిందా! మేడం రెండో వరుసలో బాణం తర్వాతి అంకెలు కూడమంది. రెండు వందల ముప్ఫై నాలుగుకు నాలుగు కలిపితే రెండు వందల ముప్ఫై ఎనిమిది. తొంభైకి రెండు కలిపితే తొంభై రెండు. రెండూ బాణం ముందరి U తల దగ్గరా కాళ్ల దగ్గరా ఉన్న అంకెలే. అంతంత కాలం పట్టే పనిలో ఒక్క అంకె కూడా యాడికీ పోలేదు! "అంకె ఒక్కటీ తప్పు రాయలేదు ఉస్తాద్ మీవాడు" అంది మేడం. ఆయన కుంచె తీసి నా చేతిలో పెట్టి, "వెనక మొనలు తుడుపు. రేపు ఇంకో గోడ ఉంది" అన్నాడు.

మొన్న అటు పోతే ఆ గోడ ఇంకా ఉంది. బాణాల వెనక తుడిచిన మచ్చలూ ఉన్నాయి. ఉస్తాద్ లేడు. ఆ రోజు అక్కడ నోరు తెరుచుకొని నిలబడినవాడికీ ఈ నెరిసిన తలకీ మధ్య ఉన్నది మేడం చెప్పిన బాణమే, ఒక్క మొనది. అయినా చేతిలో కుంచె ఉండుంటే, ఎవరూ చూడకుండా వెనక పక్క ఒక మొన పెట్టే వచ్చేవాణ్ని.