పెదనాన్న వెనకాల మబ్బు

ఆ రోజుల్లో అంటే మరీ అంత పాత రోజులేం కావు లెండి. అరచేతిలోకి ఫోను అప్పటికే వచ్చేసింది, దాన్ని ఎప్పుడు కింద పెట్టాలో తెలిసే బుద్ధే ఇంకా రాలేదు. డిగ్రీ అయిపోయి, ఉద్యోగం దొరక్క, చిలకలూరిపేట దగ్గర మా పెదనాన్న వాళ్ల ఊళ్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. మొదట్లో పెదనాన్నకు ఫోనంటే ఒళ్లుమంట. "ఏముందే అందులో, పొద్దస్తమానం దానికి మొహం అప్పగించి కూర్చుంటావ్?" అని విరుచుకుపడేవాడు. ఒకసారి ఆయన మిరపకాయ విరిచి చూపిస్తూ మంచి చెడ్డా చెబుతుంటే సరదాకి వీడియో తీసి నెట్‌లో పెట్టాను. అంతే. ముక్కూ మొహం తెలియనివాళ్లు "బాబాయ్, భలే చెప్పావ్" అనేసరికి మనిషి మారిపోయాడు. కల్లానికి వెళ్లడానికి తలకు నూనె, ఇస్త్రీ చొక్కా! (పెళ్లిచూపులకు కూడా ఇంత తయారు కాలేదని పెద్దమ్మ దెప్పేది.) అన్నం ముందు కూర్చున్నా "ఎంతమంది చూశారే?" అన్నదే ధ్యాస. నేనేమో ఆయనకు గురువునైపోయి, "కెమెరా మీంచి చూపు తిప్పకూడదు పెదనాన్నా, తిప్పితే జనం వెళ్లిపోతారు" అని పాఠాలు చెప్పేదాన్ని.

అవి మిరపకాయ కోసి కల్లంలో ఎండబెట్టిన రోజులు. ఏడాది కష్టమంతా ఎర్రగా నేల మీద పరిచి ఉంది. దాని మీద ఒక్క వాన పడితే రంగు పోయి తాలు కాయవుతుంది, ఇక కొనే నాథుడుండడు. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ భోజనానికి ఇంటికి వెళ్తూ "ఆకాశం మీద ఓ కన్నేసి ఉంచండి" అని మరీ మరీ చెప్పింది. ఆవిడ అటు వెళ్లగానే మేమిటు లైవ్ మొదలుపెట్టాం. విషయం, గాలిని బట్టి వాన కనిపెట్టడం ఎలా. (నవ్వకండి, నిజంగా అదే.)

"ఇయ్యాళ చినుకు కూడా పడదు, రాసిపెట్టుకోండి" అంటున్నాడు పెదనాన్న, కాయల మధ్య నిలబడి. నేను కామెంట్లు చదువుతున్నాను.

"పెదనాన్నా, సింగరాయకొండ నుంచి ఒకమ్మాయి నీ వెనకాల మబ్బుందంటోంది."

"అట్టాంటి అనుమానాలు పెట్టుకోవద్దని చెప్పమ్మా. ఈ తల నెరిసింది కల్లాల్లోనే."

"ఒకసారి వెనక్కి చూడమంటోంది."

"చూడకూడదుగా!" అన్నాడు, నా పాఠం నాకే అప్పజెప్పి.

పోనీ నేనైనా తలెత్తానా? చూసేవాళ్లు పెరుగుతున్నారు, నా కళ్లు ఆ అంకె మీదే ఉన్నాయి. ఎక్కడెక్కడి వాళ్లకో కనబడుతున్న మబ్బు, దాని కిందే ఉన్న మా ఇద్దరికీ కనబడలేదు.

"ఏమయ్యోయ్! కాయంతా తడిసిపోతుంటే ఎవరికయ్యా చెబుతున్నావ్ ఆ సోది?" ఎంగిలి చేత్తోనే పరుగెత్తుకొచ్చింది పెద్దమ్మ. చినుకులు మొదలయ్యాయి. ఫోను గోతాల మీద పడేసి నేనూ పరుగెత్తాను. నాకు ఏడుపొచ్చేసింది. ముగ్గురం కాయల మీదికి టార్పాలిన్ పట్టాలు లాగుతుంటే గాలి వాటిని ఎగరగొడుతోంది. చివరికి పెదనాన్న ఇస్త్రీ చొక్కాతోనే వెళ్లి పట్టా మీద బోర్లా పడుకున్నాడు. దేవుడి దయ వల్ల ఒక అంచు కాయే తడిసింది. లైవ్ ఆపడం మాత్రం మరిచిపోయాను. చూసేవాళ్లకు కనబడింది ఆకాశం, వినబడింది పెద్దమ్మ తిట్లు. మా వీడియోలన్నిట్లోకి ఎక్కువమంది చూసింది అదే.

మర్నాటి నుంచి పగలంతా ఫోను పెద్దమ్మ బియ్యం డబ్బాలో ఉండేది. రాత్రి అన్నాలయ్యాక తీసి ఇచ్చేది, ముగ్గురం మంచం మీద చేరి కాసేపు చూసుకునేవాళ్లం. "ఆ సింగరాయకొండ పిల్ల వచ్చిందా? అన్నం తిన్నదేమో అడగవే" అనేది పెద్దమ్మ, రోజూ.

ఇప్పుడు గుంటూరులో ఉద్యోగం చేసుకుంటున్నాను. ఇంటికి రాగానే ఫోను వంటింట్లో బియ్యం డబ్బా మీద పెడతాను. కానీ ఏదో చూద్దామని తీసి, అందులోనే మునిగిపోయే రోజులూ ఉంటాయి. ఉన్నట్టుండి ఆ అమ్మాయి మాట గుర్తొచ్చి వెనక్కి తిరుగుతాను. చాలాసార్లు గోడే ఉంటుంది. మొన్న మాత్రం మా చిన్నది నిలబడి ఉంది, చేతిలో తను వేసిన బొమ్మ పట్టుకుని, ఎంతసేపటి నుంచో. "అయిపోయిందా అమ్మా?" అంది. అయిపోయిందని ఫోను కింద పెట్టి, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. మబ్బు కింద నిలబడి అంకెలు చూసుకున్న ఆ పిచ్చిపిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది.