ఒకే పెట్టెలో రెండు గడియారాలు

కాలికి చక్రాలు కట్టుకుని తిరిగినవాణ్ణి కాబట్టి చాలా ఇళ్ళలో అద్దెకున్నాను. ఒక ఇంటాయన నేను మెట్ల మీద లైటు వేస్తే వెనకాలే వచ్చి ఆర్పేవాడు. ఇంకో ఇంటావిడ నేను పైన దగ్గితే కిందనుంచి మందు పేరు చెప్పేది. కానీ నా పుస్తకాల పెట్టెలు పైగదికి ఎక్కిస్తుంటే గుమ్మంలో నిలబడి, "వీటికి ఇంకో కాపీ ఎక్కడుంది?" అని అడిగిన మనిషి ఒక్కడే తగిలాడు.

"కాపీ ఏమిటండీ, పుస్తకాలు కదా" అన్నాను.

"అందుకే అడుగుతున్నాను గురువుగారూ. రేపు పైపు పగిలి తడిస్తే?"

"ఎండబెట్టుకుంటాను."

ఆయన నావైపు జాలిగా చూశాడు. వంటింట్లోంచి ఆయన భార్య గొంతు వినిపించింది. "పైకి పోనివ్వండి ఆయన్ని. అద్దెకొచ్చాడు, మీ దగ్గర దీక్ష తీసుకోవటానికి రాలేదు."

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. వీధి మలుపులో ఒక మనిషి, ఒక స్టూలు మాత్రమే పట్టే కొట్టు. కంటికి భూతద్దం బిగించుకుని, ఊపిరి కూడా కొలిచి వదులుతూ, ఆవగింజంత చక్రాలు పట్టుకారుతో తీసిపెడుతుంటాడు. ఆయన చేతినుంచి వెళ్ళిన వాచీ మళ్ళీ తప్పు టైము చూపించదని ఆ చుట్టుపక్కల పేరు. వీధిలో అందరూ ఆయన్ని 'టైమాయన' అంటారు. బడికెళ్ళే పిల్లల తల్లులు ఆయన కొట్టు తెరిచే చప్పుడు విని అడుగు వేగం పెంచేవారు.

అదంతా బువ్వ పెట్టే పని. ఆయన ప్రాణం మాత్రం ఇంటి నడిమిగదిలో ఉన్న కంప్యూటరు మీద ఉండేది. దాని పక్కరేకు ఎప్పుడో ఊడదీశాడు, మళ్ళీ బిగించలేదు. లోపలి వైర్లు ఆపరేషను మధ్యలో డాక్టరు వదిలేసి పోయినట్టు బయటికి వేలాడుతుండేవి. అందులో ఆయన నాలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టాడు. స్విచ్చి వేయగానే తెర మీద నాలుగు పేర్లు వరసగా వచ్చి, ఏది కావాలో తేల్చుకోమనేవి. మొదటిది భార్య పనికి. రెండోది ఆయన సొంత ముచ్చట. మూడోది ప్రయోగాలకి. ఆ ప్రయోగాలు బెడిసికొడితే బాగుచేయటానికి నాలుగోది.

"నాకు సవతులు లేరని మా అమ్మ అందరితో గొప్పగా చెప్పుకునేది బాబాయిగారూ" అంది ఆవిడ ఒకసారి నాకు మంచినీళ్ళు ఇస్తూ. "ఉన్నారు. అందరూ ఆ పెట్టెలోనే కాపురం."

ఆవిడ ఒక బట్టల కొట్టులో ఆల్టరేషన్లు చేసేది. పొట్టలు పెరిగినవాళ్ళ ప్యాంట్లు వదులు చేయటం, అవే పొట్టలు తగ్గుతాయనే నమ్మకంతో వచ్చినవాళ్ళవి బిగించటం. చేతిలో ఉన్న విద్యకి అది చాలా చిన్న పని. ఆ సంగతి ఆవిడకీ తెలుసు, కొట్టు యజమానికీ తెలుసు. పెద్దవాడు కాబట్టి ఆయన తెలియనట్టు ఉండేవాడు.

ఆ మధ్య వాళ్ళ పిన్ని ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఈవిడ తోడుగా ఉంది. పిన్నికి గౌను మార్చాలంటే ప్రతిసారీ చేతికున్న సూది తీయటం, మళ్ళీ గుచ్చటం, పిన్ని మూలగటం. అది చూసి ఇంటికొచ్చి, భుజం నుంచి మణికట్టు దాకా టిచ్ బటన్లతో విడిపోయే చెయ్యి ఊహించింది. సూది ఉన్నచోట ఉంటుంది, గౌను మాత్రం వచ్చేస్తుంది. ఆస్పత్రులకి బట్టలు కుట్టి పంపే ఫ్యాక్టరీలో కట్టింగు సెక్షన్‌కి పెద్దగా ఒకరు కావాలని తెలిసి, ఈ గౌను సంగతి చెప్పింది. సోమవారం మధ్యాహ్నం ప్యాటర్న్ ఫైలు పట్టుకుని రమ్మన్నారు. వాళ్ళ యంత్రం ఆ ఫైలు చూసి అక్కడికక్కడే గుడ్డ కోస్తుందట, కుట్టి చూస్తారట. కుదిరితే ఉద్యోగం. కుదరకపోతే మళ్ళీ పొట్టలే.

చిక్కంతా చంక దగ్గర వంపుతో వచ్చింది. చెయ్యి ఎత్తితే బటన్లు ఊడిపోయేవి. వారం రోజులు గీసింది, చెరిపింది. ఆవిడకి ఒక అలవాటు ఉండేది. మార్చిన ప్రతిసారీ ఫైలుకి కొత్త పేరు పెట్టేది. 'చెయ్యి', 'చెయ్యి కొత్తది', 'చెయ్యి ఇదే', 'చెయ్యి అసలు ఇదే'. అది చూసినప్పుడల్లా టైమాయన ఒంటి మీద గొంగళిపురుగు పాకినట్టు ఉండేది.

"ఇల్లా ఇది, సంతా? ఒక్క పేరు పెట్టు. పాతవన్నీ తీసేయి. దాచటం నా పని" అని ఆవిడకి క్రమశిక్షణ నేర్పాడు. కాపురంలో శాంతి కోసం ఆవిడ నేర్చుకుంది.

ఆయన దాచే పద్ధతి గురించి చెప్పాలి. నేను చాలా లైబ్రరీలు చూశాను, కాపలా కుక్కలున్న లైబ్రరీలతో సహా. ఇంత జాగ్రత్త ఎక్కడా చూడలేదు. ఆవిడ సిస్టమ్‌లో ఒక కాపీ, ఆయన సిస్టమ్‌లో ఒక కాపీ. కంప్యూటరు ఆపేముందు ఆయన రాసిపెట్టిన చిన్న ప్రోగ్రాము ఈ రెంటినీ పోల్చి చూస్తుంది. ఏది తాజాదో అది గెలుస్తుంది, పాతదాని మీద కూర్చుంటుంది. ఆ గెలిచినది బల్ల మీద వరసగా ఉన్న హార్డ్ డిస్కులన్నిటికీ వెళ్తుంది. ఇల్లు కూలినా బతకాలని ఇంకో డిస్కు బామ్మర్ది ఇంట్లో పెట్టాడు. బామ్మర్ది లిఫ్టులు బాగుచేస్తాడు. బావగారి డిస్కుని ఎప్పుడూ గౌరవంగా చూసుకునేవాడు. అంటే, కిటికీ తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం పెట్టేవాడు.

ఆదివారం మధ్యాహ్నం టైమాయన నన్ను కిందికి పిలిచాడు. పక్కగదిలో ఆవిడ పాత దుప్పటి కోసి ట్రయల్ గౌను కుడుతోంది. ఈయన తన సిస్టమ్ తెరిచి, "మా ఆవిడ ప్యాటర్న్ ఇందులో కూడా తెరుచుకుంటుంది, చూడండి" అని తెరిచాడు. ఒక గీత అటు జరిపాడు, మళ్ళీ ఇటు జరిపి సేవ్ కొట్టాడు. నాకు తెరలో ఏదో వెలితిగా అనిపించింది. "ఇందులో టైము కనబడదేం?" అన్నాను.

"నేనే తీసేశాను" అన్నాడు మణికట్టు చూపించి. "నా చేతికి ఇది ఉండగా నాకు తెర మీద గడియారం దేనికండీ?"

అంతలో పక్కగదినుంచి పిలుపు. "ఏమండీ, ఒకసారి వచ్చి రోగి అవండి."

ఆయన గౌను తొడుక్కుని రోగి అయ్యాడు. ఆయన ఒంటి మీదే ఆవిడ గుండుసూదులు గుచ్చుతూ వంపు సరిచేసింది. చెయ్యి ఎత్తమంది, ఎత్తాడు. ఊపమంది, ఊపాడు. ఒక్క బటనూ ఊడలేదు. ఆవిడ ముఖం చూస్తే, చాలా కాలంగా మోస్తున్న బరువు కింద పెట్టినట్టుంది. గుండుసూదుల చోట కుట్లు వేసి, సాయంత్రం తన సిస్టమ్‌లో కూర్చుని, గుడ్డని కొలిచి ఆ వంపు ఫైలులో గీసింది. ఒకే పేరుతో, చెప్పినట్టే. కంప్యూటరు ఆపుతుంటే ప్రోగ్రాము పోల్చింది, గెలిపించింది, అన్ని డిస్కులకీ పంపింది. టైమాయన తృప్తిగా ఆవలించాడు.

సోమవారం పొద్దున పెన్ డ్రైవులో వేసుకునేముందు ఆఖరుసారి చూసుకుందామని ఆవిడ ఫైలు తెరిచింది. నేను మెట్లు దిగి వస్తున్నాను. తెర మీద పాత చెయ్యి. కొత్త వంపు లేదు.

"కంగారు పడకు" అన్నాడాయన, ఏళ్ళుగా ఇలాంటి రోజు కోసమే ఎదురుచూసిన మనిషిలా. నిజం చెప్పాలంటే ఆ ముఖంలో కొంచెం పండగ కూడా ఉంది. మొదటి డిస్కు తగిలించాడు. పాత చెయ్యి. రెండోది. పాత చెయ్యి. బల్ల మీద ఉన్నవన్నీ అయ్యాయి. అన్నిట్లోనూ అదే, వెంట్రుకవాసి తేడా లేదు.

"చూశావా, ఒక్క దాంట్లోనూ ఒక్క గీత తేడా రాలేదు" అన్నాడు. ఆ క్షణంలో కూడా ఆయనకి గర్వం ఆగలేదు.

ఆవిడ కుర్చీ ఆయనకి వదిలేసి లేచింది.

పాత రోజుల్లో పుస్తకాలు చేత్తో రాసేవాళ్ళ గురించి చదివాను. ఒక లేఖరి నిద్రమత్తులో ఒక ముక్క ఎగరగొడితే, వెనకవాళ్ళు ఆ లోటుని కూడా భక్తిగా ఎత్తిరాసేవారట. ఎంత నిజాయితీపరుడైతే తప్పు అంత భద్రం.

"అసలు ఎలా జరిగింది?" అన్నాను. ఆయన ఫైలు తారీకు చూశాడు, టైము చూశాడు. చూసి, మెల్లగా తన చేతి వాచీ చూసుకున్నాడు. పెన్సిలు తీసి బల్ల మీద ఏదో లెక్క వేశాడు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలిపోయాడు.

జరిగింది ఇది. ఆ పెట్టె లోపల ఒక చిన్న గడియారం ఉంటుంది. ఆవిడ సిస్టమ్ దాన్ని మనూరి టైమని చదువుతుంది. ఆయన సిస్టమ్ అదే గడియారాన్ని ప్రపంచం మొత్తానికి లెక్క కట్టే టైమని నమ్మి, దానిమీద మనూరికి ఉన్న అయిదున్నర గంటల తేడా కూడా కలుపుకుంటుంది. అంటే ఆయన ముచ్చటపడే సిస్టమ్ ఎప్పుడూ కొన్ని గంటలు ముందు బతుకుతోంది. వైరస్ వస్తుందని దానికి నెట్ కూడా కలపలేదు, లేకపోతే అదైనా సరిదిద్దేది. ఆదివారం మధ్యాహ్నం ఆయన నాకోసం గీత జరిపి సేవ్ చేసిన పాత చెయ్యి మీద రాత్రి టైము పడింది. ఆవిడ సాయంత్రం గీసిన కొత్త చెయ్యి మీద సాయంత్రమే పడింది. ప్రోగ్రాము నిజాయితీగా రాత్రిదాన్ని గెలిపించింది.

"తెర మీద గడియారం ఉంటే చూసి ఉండేవారు కదా" అని నేను అనలేదు. ఆవిడే అంది, ఇంకోలా. "ఊళ్ళో అందరి టైమూ సరిచేస్తారు మీరు."

"ట్రయల్ గౌను ఏది?" అంది తర్వాత. "అది దొరికితే మళ్ళీ కొలుచుకుంటాను. ఆ వంపు గుండుసూదులతో పెట్టింది, గుర్తుండేది కాదు."

చిరుగుపాతల సంచి బోర్లించాం. మిషను కింద, మంచం కింద, ఉతికే బట్టల్లో వెతికాం. లేదు. ఈలోగా టైమాయన ఫోన్ చేస్తే బామ్మర్ది డిస్కు పట్టుకుని స్కూటరు మీద వచ్చాడు. మేమంతా తెర ముందు మూగాం. అందులో ఇంకా పాత చెయ్యి ఉంది. గౌనుకి అసలు బటన్లే లేని కాలం నాటిది.

"బావా, వారం వారం తెచ్చి కొత్తది ఎక్కించుకోమని నువ్వు చెప్పావు" అన్నాడు బామ్మర్ది. "కానీ అది తీస్తే కిటికీ కొట్టుకుంటుంది."

"నోరు ముయ్యరా" అన్నాడు బావ, బలం లేకుండా.

"నేను మూస్తాను. మీ కంప్యూటరు నోరు ఎవరు మూస్తారు, అక్కకి అబద్ధం చెప్పింది" అంటూ బామ్మర్ది బల్ల కిందనుంచి ఏదో గుడ్డ లాక్కుని హెల్మెట్ అద్దం తుడుచుకోసాగాడు. తుడుస్తూ తుడుస్తూ, "ఏం అక్కా, దుమ్ముగుడ్డకి కూడా ఇన్ని బటన్లు కుడతావా?" అన్నాడు.

ఆవిడ ఆ గుడ్డని వాడి చేతిలోంచి పసిబిడ్డని తీసుకున్నట్టు తీసుకుంది. అదే. ఆదివారం రాత్రి ఆవిడ ఊడుస్తుంటే దుమ్ము పడుతుందని, ఆవిడ కొలిచి పక్కన పెట్టిన గౌనుని టైమాయన తన డిస్కుల మీద కప్పాడు. పొద్దున కంగారులో దాన్నే లాగి కిందికి విసిరి, డిస్కులు తగిలించాడు. ప్రపంచంలో ఆ వంపుకి మిగిలిన ఒకే ఒక్క కాపీ, కాపీలన్నిటికీ ముసుగు.

తర్వాత ఆవిడ గౌను బల్ల మీద పరిచింది. బ్లేడుతో కుట్లు విప్పింది, ఇస్త్రీ చేసింది, టేపు మెడలో వేసుకుని కొలిచింది. టైమాయన పక్కన నిలబడి, "నాది తెరవనా, నీది తెరవనా" అనబోయి, మాట మింగి, ఆవిడ సిస్టమ్ తెరిచాడు. ఆవిడ గీసింది. సేవ్ చేసేటప్పుడు కంప్యూటరు పేరు పెట్టమని అడిగితే, 'చెయ్యి అసలు నిజంగా ఇదే' అని కొట్టింది. ఆయన కళ్ళు మూసుకుని భరించాడు.

"బ్యాకప్..." అన్నాడు చివరికి.

"ముట్టుకున్నారంటే ఊరుకోను" అని పెన్ డ్రైవు, విప్పిన గుడ్డముక్కలు రెండూ సంచిలో వేసుకుని తమ్ముడి స్కూటరెక్కింది.

ఉద్యోగం వచ్చింది. ఫ్యాక్టరీ యంత్రం కోసింది, వాళ్ళు కుట్టారు, అక్కడి పనివాడొకడు తొడుక్కుని చెయ్యి ఎత్తాడు, బటన్లు నిలబడ్డాయి. ఆల్టరేషన్ల కొట్టు యజమాని, "మా దగ్గర నేర్చుకుందే" అని అందరితో చెప్పుకున్నాడు. ఫ్యాక్టరీలో కంప్యూటరుకి ఒకే సిస్టమ్ ఉందని, అది కూడా ఎప్పుడూ మొరాయిస్తుందని, పోతే పోయిందని ఎవరూ పట్టించుకోరని ఆవిడ వచ్చి చెప్పింది. విని టైమాయన ఆ పూట అన్నం సరిగా తినలేదు.

తన సిస్టమ్‌లో గడియారం మళ్ళీ తెర మీదికి తెచ్చాడు. దాని లెక్క కూడా సరిచేశాడు. తప్పు తనదని మాత్రం ఒప్పుకోలేదు. "రెండూ వేటికవి నిజమే చెప్పాయి గురువుగారూ, ఒకదానికి ఒకటి చెప్పుకోలేదంతే" అన్నాడు. చాలా కాపురాల గురించి ఇంతకంటే మంచి మాట నేను వినలేదు కాబట్టి వాదించలేదు.

నేను ఆ ఇల్లు ఖాళీ చేసే రోజున వీడ్కోలు చెప్పటానికి నడిమిగదిలోకి వెళ్ళాను. ఆవిడ మిషను మీద ఉంది. గుడ్డముక్కల్ని మళ్ళీ గౌనుగా కుట్టేసింది. టైమాయన దాన్ని మడతపెట్టి, ప్లాస్టిక్ కవరులో వేసి, కలరా ఉండలు పెట్టి, డిస్కుల పక్కన సర్దుతున్నాడు.

"ఇలాంటిది ఇంకొకటి కుట్టిస్తే బామ్మర్ది ఇంట్లో పెట్టొచ్చు" అన్నాడు భార్యతో.

ఆవిడ మిషను ఆపలేదు. "కుడతాను" అంది. "వాడి కిటికీ కొలతలు తెచ్చివ్వండి."