చాయ్ లేని బేరం

నేను పత్తి కొనే మా కేసముద్రం మార్కెట్ యార్డులో బేరం కుదిరితే కొన్నవాడూ అమ్మినవాడూ కలిసి చాయ్ తాగాల్సిందే. తాగకపోతే మాట ఖాయం కానట్టు. కిందటి నెల నా గుండెకు స్టెంట్ పడింది. చక్కెర చాయ్, కూల్‌డ్రింకు మానెయ్యమన్నాడు డాక్టర్. అందుకే ఈరోజు దుకాణం తెరవగానే మజ్జిగ కుండ పెట్టించాను.

బేరం ముగిశాక మజ్జిగ గ్లాసు అందిస్తే, మా పాత రైతు రాజయ్యన్న ముఖం చిట్లించాడు.

"చాయ్ లేకుంట బేరమేంది సేటు?"

"గుండెల స్టెంట్ ఏసిండ్రన్నా. ఎవరేమనుకున్నా సరే, ఇగ నా దుకాణంల మజ్జిగనే."

ఆయన గ్లాసు గటగటా ఖాళీ చేశాడు.

"గీ ముచ్చట జర ముందే చెప్పొద్దా? నాకు స్టెంట్ ఏసి ఏడాదాయె. వద్దంటే నువ్వు బాధపడ్తవని నీ చాయ్ తాగుతున్న."

రేపటి నుంచి మజ్జిగ కుండ అందరికీ కనబడేలా దుకాణం బయటే ఉంటుంది. ఇంతకీ, మీరు ఎవరి మొహమాటానికి తాగుతున్నారు?